గోడవతలి గుండెజబ్బు

"ముందు దాన్ని టేబుల్ మీంచి తియ్యి. అన్నం తినే చోటది," అన్నాడు గిరిధర్.

హేమశ్రీ తియ్యలేదు. తడిసిన రెయిన్‌కోటు కూడా విప్పలేదు. మౌంట్ ఆల్బర్ట్‌లో ప్రాక్టీసు నుంచి హాబ్సన్‌విల్‌లో ఇంటి దాకా వానలో డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, ఎలక్ట్రిక్ గిటార్‌ని సంచిలోంచి తీసి పప్పు గిన్నె పక్కన పెట్టి, మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ్టి నుంచి రోజూ గంటసేపు ఆంప్లిఫయర్ పెట్టి వాయిస్తాను. గరాజ్‌లోంచి మీరు తెచ్చిపెడతారా, నన్నే తెచ్చుకోమంటారా?"

గిరిధర్ ముద్ద కలుపుతున్నవాడు ఆగాడు. "మళ్ళీ మొదలా?"

"మొదలే."

"మరి ఆయన సంగతో?"

ఆయనంటే రామలింగేశ్వరరావు గారు. పక్కింట్లో కూతురు దగ్గరుంటున్న పెద్దాయన. ఈ వరస ఇళ్ళలో పక్కింటికీ మనకీ మధ్య గోడ ఒక్కటే. మూడు నెలల కిందట గిరిధర్ మొహం వేలాడేసుకుని వచ్చి చెప్పాడు: పెద్దాయన గుండెకి స్టెంట్లు వేశారట, గోడలోంచి గిటార్ మోత వస్తుంటే ఆయాసం వస్తోందట, ఆడపిల్లతో ఏం చెబుతానని నాతో చెప్పుకున్నాడు, ఈ మాట ఆయన దగ్గర ఎత్తకు, చిన్నబుచ్చుకుంటాడు. హేమశ్రీ ఆ పూటే వైరు పీకేసి ఆంప్‌ని గరాజ్‌లో పెట్టించింది. ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చానే అని రెండు రోజులు అన్నం సయించలేదు కూడా.

అప్పట్నుంచి ఆంప్ లేకుండానే ప్రాక్టీసు. ఎలక్ట్రిక్ గిటార్‌కి బోలు కడుపుండదు, అది ఉత్త చెక్క. ప్లగ్ పెట్టకపోతే దాని గొంతు చేటలో బియ్యం ఏరుతున్నంత. ఆ చప్పుడు తన చెవికైనా ఆనాలని హేమశ్రీ తీగల్ని గట్టిగా, ఇంకా గట్టిగా మీటడం అలవాటు చేసుకుంది. ఇంటి పనయ్యాక మెట్ల మీద కూర్చుని, గిటార్ చెక్కకి చెవి ఆనించి మరీ వాయించింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టుకుంది, నాలుగు రోజులు. ఐదో రోజున గిరిధర్, "పిలిస్తే పలకవు, కుక్కరు ఏడు కూతలు కూసింది, ఇంట్లో మనిషివి చెవులు మూసుకుని కూచుంటే ఎలా?" అన్నాడు. ఆ అన్న పెద్దమనిషి ఆ ఏడు కూతల సేపూ కుక్కరుకి మూడడుగుల దూరంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అయినా హేమశ్రీ హెడ్‌ఫోన్లు తీసేసింది. అలాంటివి తీసేయడం ఆమెకి బాగా అలవాటు.

ఆ మూడు నెలల ఫలితం ఈ పొద్దున మౌంట్ ఆల్బర్ట్ హాల్లో తేలింది. వాళ్ళది నలుగురు ఆడవాళ్ళ బ్యాండు. డ్రమ్స్ వాయించే తారాబాయే దానికి పెద్ద. పాపటోయిటోయిలో బట్టలు కుట్టే షాపు ఆమెది, హైదరాబాద్ మనిషి, మొహమాటం తెలీదు. ఇన్నాళ్ళూ ఒకరి వీలుకి ఒకరి వీలు కుదరక ముక్కలు ముక్కలుగా ప్రాక్టీసు చేసుకున్నవాళ్ళు, ఇక్కడి మావోరీల కొత్త సంవత్సరం మతారికి పండగ ప్రోగ్రాం దగ్గర పడిందని ఇవాళే అందరూ కలిశారు. హేమశ్రీ ప్లగ్ పెట్టి మొదటి వరస వాయించగానే హాలంతా గరగరమంది. అరచెయ్యి ఆనించి ఆపాల్సిన తీగలు ఆగకుండా గీపెట్టాయి. ప్రతి దెబ్బా రేకు మీద రాయి పడ్డట్టు పడింది. ఆ చప్పుడు తన వేళ్ళలోంచి వస్తోందంటే హేమశ్రీకి ఒళ్ళు జలదరించింది. తన చేతుల మీద తనకే రోత పుట్టింది.

తారాబాయి కర్రలు పక్కన పెట్టి, "గట్ల బాదుతున్నవేంది హేమా? బట్టలుతుకుతున్నవా?" అంది. కారణం విని, "ఆంప్ లేకుండ వాయిస్తే నీ తప్పు నీకెట్ల వినపడ్తది? ఒక్క వారం ఆంప్‌తోని కూసో. వచ్చే శనివారం ఇంటా. గిట్లనే ఉంటే మాత్రం నీ పాట వేరేటోళ్ళకిస్తా, మనసుల పెట్టుకోకు," అని తేల్చేసింది.

నలభై నాలుగేళ్ళకి హేమశ్రీ తనకోసం తను పట్టుకున్నది ఆ ఒక్క పాటే. రోజంతా ల్యాబ్‌లో ఎవరెవరి చేతుల్లోంచో రక్తం తీసి, ఇంటికొచ్చి వండి, తోమి, మిగిలిన కాస్త పొద్దులో రెండేళ్ళు నేర్చుకున్నది. అది పోవడానికీ ఉండడానికీ ఇప్పుడు ఏడు రోజులు.

"ఆయన సంగతి నేను చూసుకుంటాను," అంది హేమశ్రీ. "నేనే వెళ్ళి అడుగుతాను. పగలు ఒక్క గంట. ఆయన వాకింగ్‌కి వెళ్ళే టైం చెబితే ఆ టైంలోనే వాయిస్తా."

"అడుగుతావా?"

"అడిగితే తప్పేముంది?"

"తప్పు కాదా? ఆయన నన్ను నమ్మి చెప్పుకున్న మాట అది. రేపు ఆయన మొహం నేనెలా చూడాలి?"

"మొహం చూడ్డానికి మీకెందుకంత కష్టం? అడిగేది నేను కదా."

"హేమా, వద్దంటున్నా కదా," అన్నాడు గిరిధర్. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు. చుట్టాలందరిలో అతనికున్న పేరే అది.

పదిహేనేళ్ళ ప్రణీత తన కంచం తీసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, మేడ మీదికి వెళ్ళిపోయింది. వెళ్తూ తల్లి భుజం మీద ఒకసారి చెయ్యేసి తీసింది.

హేమశ్రీ లేచి స్టవ్ దగ్గరికెళ్ళి, విడిగా చేసిపెట్టిన సొరకాయ కూర చిన్న డబ్బాలో సర్దింది. ఉత్తచేతులతో ఒకరింటికి వెళ్ళడం ఆమెకి రాదు. పైగా ఈ కూర ఆయన కోసమే. వారానికి రెండుసార్లు నూనె చుక్క లేకుండా, ఉప్పు రవ్వ లేకుండా గుండె మనిషికని వండుతోంది, మూడు నెలలుగా.

గిరిధర్ గబుక్కున లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎంగిలి చెయ్యి. పెరుగూ పప్పూ కలిసి వేళ్ళ సందుల్లో తెల్లగా, పచ్చగా ఉంది. అది ఆమె రెయిన్‌కోటు చేతికి అంటుకుంది.

"నా మాట విను. వెళ్ళకు."

పదిహేడేళ్ళ కాపురంలో అతని ఎంగిలి కంచాలు ఎన్ని తీసిందో లెక్క లేదు, ఏనాడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ మరకని చూడలేకపోయింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయింది.

*

తలుపు తీసింది రామలింగేశ్వరరావు గారి భార్య మంగతాయారు. హేమశ్రీని చూడగానే ఆవిడ మొహంలోకి ఒక మెత్తదనం వచ్చింది. జ్వరంతో ఉన్న పిల్లని చూసినట్టు చూసి, "రామ్మా, రా. తడిసిపోయావు. మెల్లిగా కూర్చో," అంది.

పెద్దాయన టీవీ కట్టేసి, "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగాడు. ఆ అడగడంలో అవసరానికి మించిన శ్రద్ధ ఉంది.

"నేను బానే ఉన్నానంకుల్. మీకెలా ఉంది?"

"నాకేమమ్మా. పొద్దున్నే ఫెర్రీ వార్ఫ్ దాకా నడిచి, పడవ వెళ్ళేదాకా చూసి వచ్చా."

డాక్టరు నడవమని ఉంటాడు పాపం, అనుకుంది హేమశ్రీ. డబ్బా ఆంటీ చేతికిచ్చింది. ఆవిడ మూత తీసి చూసి, కళ్ళతోనే భర్తకి చూపించి, మళ్ళీ మూత పెట్టింది.

"అంకుల్, మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చా. మీరు ఏమీ అనుకోకూడదు. మీకు కష్టమైతే కష్టమని చెప్పేయండి. పగలు ఒక్క గంట, సౌండ్ బాగా తగ్గించి గిటార్ వాయించుకుంటాను, ఒక్క వారం. మీకు ఏ కాస్త ఇబ్బందనిపించినా గోడ మీద ఒక్కసారి కొట్టండి, ఆపేస్తాను."

దంపతులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. భార్య వైపు తిరిగి, నువ్వే అడుగు అన్నట్టు తలూపాడు.

"డాక్టరు వాయించమన్నాడామ్మా?" అంది మంగతాయారు.

"అదే కదా ఆంటీ నేనడిగేది. అంకుల్ డాక్టరు ఏమన్నారు?"

"ఆయన డాక్టరు కాదమ్మా. మీ డాక్టరు."

"నాకు డాక్టరెవరు?"

ఆవిడ పక్కన కూర్చుని హేమశ్రీ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "మా దగ్గర దాచక్కర్లేదు. మేమెవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి కూడా. గిరిధర్ అంతా చెప్పాడు. మనసు బాలేదనీ, మందులు వాడుతున్నావనీ, గిటార్ మాటెత్తితే ఏడుస్తావనీ. అందుకే మేం ఆ ఊసే ఎత్తట్లేదు. లేకపోతే నువ్వు ఎందుకు మానేశావని అడగమా? నువ్వు వాయిస్తుంటే ఈయన టీవీ కట్టేసి మరీ వినేవారు."

హేమశ్రీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలన్న సంగతి తోచలేదు.

"మీ గుండె ఎలా ఉందంకుల్?" అని మెల్లిగా అడిగింది.

"నా గుండెకేమమ్మా?"

"స్టెంట్లు వేశారట కదా."

"ఎవరికి?"

మంగతాయారు హేమశ్రీ చెయ్యి వదిలేసింది.

మన మర్యాదలు ఇలాగే ఉంటాయి. గోడకి ఇవతల ఒకావిడ, అవతలి మనిషి నొచ్చుకుంటాడని గుండె సంగతి అడగలేదు. గోడకి అవతల ఇద్దరు, ఇవతలి మనిషి ఏడుస్తుందని గిటార్ సంగతి అడగలేదు. మూడు నెలల పాటు ఒకరి లేని జబ్బుని ఒకరు ఎంతో జాగ్రత్తగా కాపాడుకున్నారు. మరో దేశం మనుషులైతే మొదటి రోజే తలుపు కొట్టి అడిగేసేవారు. గిరిధర్‌కి తన వాళ్ళ సంగతి బాగా తెలుసు.

"మరి ఈ కూర..." అంది మంగతాయారు డబ్బా వంక చూస్తూ. చెప్పాలా వద్దా అని తటపటాయించింది. "ఉప్పు మర్చిపోతోంది పాపం, మందుల మత్తులో అనుకున్నాం. మొహం మీద చెబితే నొచ్చుకుంటావని మేమే కలుపుకుని తింటున్నాం."

హేమశ్రీకి నవ్వు రాబోయింది. అది గొంతులో సగం దాకా వచ్చి పుల్లగా మారింది. నోట్లో నీళ్ళూరాయి. నిజంగానే వాంతయ్యేలా ఉంటే బాత్రూం ఎక్కడని అడిగి, వెళ్ళి సింకు పట్టుకుని నిలబడింది. ఏమీ రాలేదు. అద్దంలో చూసుకుంటే అచ్చం జబ్బు మనిషిలాగే ఉంది.

బయటికి వచ్చేసరికి పెద్దాయన నిలబడి ఉన్నాడు. "నువ్వు వాయించుకో తల్లీ. ఎంత సౌండ్ కావాలంటే అంత పెట్టుకో. నా పేరు చెప్పి నిన్ను ఆపేశాడంటే, నాకే..." అని మాట పూర్తి చెయ్యలేక తల అడ్డంగా ఊపాడు.

*

గిరిధర్ భోజనం ముగించి, సోఫాలో కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. గిటార్ టేబుల్ మీంచి తీసి గోడకి ఆనించి ఉంది. టేబుల్ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి ఉంది.

హేమశ్రీ మొహం చూడగానే అతనికి అర్థమైంది. పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆయనకి గుండెజబ్బు లేదు," అంది.

"కూర్చో. చెప్తాను."

"నాకు పిచ్చి ఉందట."

"ఆ మాట నేను అనలేదు. మనసు బాలేదన్నానంతే. ఆంటీ అడిగింది, ఏంటి బాబూ ఈమధ్య గిటార్ వినపడట్లేదని. ఏదో ఒకటి చెప్పాలిగా."

"నిజం చెప్పచ్చుగా."

"ఏమని? మా ఆవిణ్ణి మానిపించానని చెప్పనా? బావుంటుందా?"

అంత మామూలుగా అన్నాడు. అదే ఆమెకి అన్నిటికంటే ఎక్కువ అసహ్యమేసింది. దొరికిపోయిన మనిషి తడబడాలి, బుకాయించాలి, కనీసం కోప్పడాలి. ఇతను లెక్క అప్పజెబుతున్నట్టు చెబుతున్నాడు.

"ఎందుకు మానిపించారు?"

"రవికిరణ్ వాళ్ళ పాప బర్త్‌డేకి నువ్వు రాలేదు చూడు. అక్కడ నీ వీడియో ఎవరిదో ఫోన్‌లో వచ్చింది. తారాబాయి పెట్టిందట. నువ్వు కాళ్ళు ఎడంగా పెట్టి, తల ఊపుతూ, ఆ గిటార్‌తో... 'వదిన బాగా ఊగుతోందన్నా' అన్నాడు రవికిరణ్. అందరూ నవ్వారు."

"మీరు?"

అతను మీసం సవరించుకున్నాడు.

"మీరు నవ్వారా లేదా?"

"ఏం చెయ్యమంటావు, లేచొచ్చేయమంటావా?" అన్నాడు. "మర్నాడు నీకు నేరుగా చెప్పేవాణ్ణే. చెబితే గొడవవుతుంది. నువ్వు నాలుగు రోజులు మాట్లాడవు, పిల్ల చూస్తుంది. ఇలా అయితే ఎవరికీ నొప్పి లేదు. నీ గిటార్ నీ దగ్గరే ఉంది, నువ్వు వాయించుకుంటూనే ఉన్నావు. నేను వద్దన్నానా ఏనాడైనా? నీ మీద గొంతు పెంచానా?"

హేమశ్రీ అతన్ని చూసింది. ఇస్త్రీ చేసిన చొక్కా, నీటుగా కత్తిరించుకున్న మీసం, శుభ్రంగా కడుక్కున్న చేతులు. ఇతని పక్కన పడుకుని మూడు నెలలు పక్కింటి ముసలాయన కోసం దిగులుపడింది. "ఆయనకి ఇవాళెలా ఉందో" అని ఇతన్నే అడిగింది. ఇతను "పర్లేదట" అని చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

"ఆ మెట్ల మీద చెవి ఆనించి నేను వాయిస్తుంటే చూస్తూ ఎలా ఉన్నారు మీరు?" అంది. "మీకు రోత పుట్టలేదా? నాకు మిమ్మల్ని చూస్తే పుడుతోంది. ఈ సోఫాలో మీరు కూర్చున్న చోట కూర్చోవాలన్నా పుడుతోంది."

"అంతంత మాటలెందుకు?"

"ఇంకెవరికి చెప్పారు?"

గిరిధర్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కొళాయి తిప్పి గ్లాసులో నీళ్ళు పట్టుకున్నాడు.

"నాకు మనసు బాలేదని ఇంకెవరితో చెప్పారని అడుగుతున్నా."

అతను నీళ్ళు తాగుతూ ఉన్నాడు. ఒక గ్లాసు తాగడానికి ఎంతసేపు పడుతుందో అంతకంటే చాలాసేపు తాగాడు.

ఆమె మళ్ళీ అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం వస్తుంది, అది కూడా ఇంతే మెత్తగా ఉంటుంది. గరాజ్‌లోకి వెళ్ళి, పాత సూట్‌కేసులు జరిపి, దుప్పటి కప్పి ఉన్న ఆంప్‌ని లాగింది. పన్నెండు కిలోల బరువు. పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చి హాల్లో, గోడ పక్కనే దించింది. గిరిధర్ వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. సాయం పట్టలేదు, ఆపనూ లేదు.

"సరే, వాయించు," అన్నాడు. "కాకపోతే ప్రణీత చదువుకుంటోంది. కొంచెం ఆలోచించు."

ఆమె ఆలోచించదలుచుకోలేదు. ఏడు రోజులున్నాయి. ఈ మూడు నెలల్లో చెయ్యి నేర్చుకున్న పాడు అలవాటంతా ఏడు రోజుల్లో కడిగెయ్యాలి. వైరు గిటార్‌కి గుచ్చి, ప్లగ్ గోడకి పెట్టి స్విచ్ నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. ఆంప్‌లోంచి సన్నగా గుయ్యిమని మోత మొదలైంది.

మొదటి దెబ్బ గట్టిగా పడింది. పొద్దున హాల్లో వచ్చిన గరగరే వచ్చింది. పళ్ళు బిగబట్టి, అరచెయ్యి తీగల మీద ఆనించి, ఈసారి సగం బలంతో మీటింది. కొంచెం నయం. పావు బలంతో మీటింది. ఒక్క తీగ, ఒక్కటే, శుభ్రంగా మోగింది. చెవికి ఆ శుభ్రం తగిలేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మళ్ళీ మీటింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

ప్రణీత సగం మెట్లు దిగి ఆగింది. తల్లి చెంపలు చూసింది, గిటార్ చూసింది, గుమ్మంలో నిలబడ్డ తండ్రిని చూసింది. గిరిధర్ కళ్ళు దించుకున్నాడు. పిల్ల మిగిలిన మెట్లు మెల్లిగా దిగి వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, ఆర్ యూ ఓకే?"

"బానే ఉన్నానే. నీ చదువు పాడైందా? తలుపేసుకో, గంటలో ఆపేస్తా."

"నో, నో. ఇట్స్ ఫైన్." పిల్ల గొంతు పక్కింటి ఆంటీ గొంతంత మెత్తగా ఉంది. "అమ్మా, ఇవాళ టాబ్లెట్ వేసుకున్నావా?"

హేమశ్రీ వేళ్ళు తీగల మీదే ఉండిపోయాయి.

"ఏ టాబ్లెట్?"

ప్రణీత, ఈ ప్రశ్న ఇలాగే వస్తుందని ఎవరో ముందే చెప్పి ఉంచినట్టు, ఓపిగ్గా తలూపింది. "స్కూల్ కౌన్సెలర్ చెప్పింది, నేను ఆర్గ్యూ చెయ్యకూడదని. ఐ యామ్ నాట్ మ్యాడ్ అట్ యూ, ఓకే?"

నాకేం జబ్బు లేదని చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. మీ నాన్న అబద్ధం చెప్పాడని, పక్కింటి తాతగారికి కూడా చెప్పాడని, ఉప్పు సంగతీ, స్టెంట్ల సంగతీ అన్నీ చెప్పాలి. చెంపల మీద కన్నీళ్ళతో, తడిసిన రెయిన్‌కోటుతో, గిటార్ వాటేసుకుని కూర్చుని ఆ మాటలన్నీ చెబితే ఎలా ఉంటుందో హేమశ్రీకి కనిపించింది. జబ్బున్న మనిషి చెప్పినట్టే ఉంటుంది.

"ప్రణీతా," అంది. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

పిల్ల కొంచెం వెనక్కి జరిగింది. తర్వాత ధైర్యం తెచ్చుకుని, తల్లి మోకాలి మీద ఒకసారి తట్టి, చెయ్యి చాపి గోడలోంచి ప్లగ్ తీసేసింది.